బండి ఏడ పండుకోవాలె?

కొరియర్ అతను అట్టపెట్టెను గుమ్మంలో దించి పోయినప్పుడు నేను ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. పెట్టె బరువు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఓవర్‌లాక్ మిషను కొనిపెట్టమని ఏడాదిగా మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. బట్ట అంచుల్లో పోగులు లేవకుండా కుట్టే మిషను అది. అడిగినప్పుడల్లా "చూద్దాం తియ్" అని తప్పించుకునే మనిషి చెప్పాపెట్టకుండా తెప్పించాడంటే, నా మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందా అని మురిసిపోయాను. కత్తెరతో టేపు కోసి తెరిచాను. లోపల రైలుబండి ఉంది.

జానెడంత ఇంజను, రెండు ప్రయాణికుల పెట్టెలు, రెండు గూడ్సు డబ్బాలు, వంపు పట్టాలు, నిటారు పట్టాలు, వైర్లు, తిప్పే మీట ఉన్న ఒక చిన్న కరెంటు డబ్బా. ఎవరి పిల్లలకో పోవాల్సింది తప్పి మా ఇంటికి వచ్చిందనుకుని చిరునామా చూశాను. మా ఆయన పేరే. క్వార్టరు నంబరు కూడా తప్పు లేకుండా రాసి ఉంది.

మొదటి షిఫ్టు దిగి వచ్చిన మనిషి, విప్పిన పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. నేను ఒంటికాలి మీద లేచాను. రేపోమాపో రిటైరయ్యే మనిషికి ఆడుకునే బొమ్మలు కావాల్సి వచ్చాయా అన్నాను. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లకు తెలిస్తే కాలనీ అంతా నవ్వుతుందన్నాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. ఆయన అంతా ఓపికగా విని ఒక్క మాట అన్నాడు.

"బొమ్మ గాదు. మాడల్."

ఆ 'మాడల్' అనడంలో ఉన్న బింకం చూసి నాకు కోపంలోనే నవ్వొచ్చింది. నవ్వానంటే ఓడిపోయినట్టే కదా, వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను.

ఆయన బొగ్గుబాయిలో హాలేజీ నడిపేవాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. నేల లోపల బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పట్టాల మీద పైకి లాగే యంత్రమే హాలేజీ. ఉద్యోగం పొడుగునా పట్టాలతోనే బతికాడు కానీ వాటి మీద ఏనాడూ రైలు నడవలేదు. పుట్టింది మాత్రం మహబూబాబాద్‌లో, రైలు కట్టకు ఆనుకున్న ఇంట్లో. బండి పోతుంటే అటక మీది గిన్నెలు గలగలమనేవట. నాది జనగామ. మా బాపు స్టేషన్ రోడ్డులో టైలరు. బండి కూత పెడితే మిషను ఆపి, చెప్పే మాటను సగంలో పట్టుకుని కూర్చుని, చివరి పెట్టె దాటాక మిగతా సగం చెప్పేవాడు. అట్లాంటి ఇద్దరం పెళ్లి చేసుకుని వచ్చి పడింది రైలే లేని భూపాలపల్లిలో. ఇక్కడ స్టేషను లేదు, ప్లాట్‌ఫాం లేదు, కూత లేదు. రైలెక్కాలంటే ముందు బస్సెక్కి వరంగల్ దాకా పోవాలి.

దసరా దాటితే ఆయన డ్యూటీ అయిపోతుంది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ తర్వాత ఎక్కడ ఉండాలన్నది మా ఇంట్లో తెగని పంచాయితీ. జనగామలో మా బాపు కట్టిన ఇంటి మీది అంతస్తు ఖాళీగా ఉంది, కింద మా చెల్లె ఉంటుంది. మహబూబాబాద్‌లో ఆయన వాటాకు వచ్చిన రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, గోడ అవతల ఆయన తమ్ముడు ఉంటాడు. ఆయన నోట అది మహబూబాబాద్ కూడా కాదు, మానుకోట. మానుకోట మిర్చి వాసన తగలకపోతే అన్నం సహించదన్నట్టు మాట్లాడతాడు. జనగామలో ఎండాకాలం నీళ్లుండవని ఆయన, మానుకోటలో ఆయన తమ్ముడు గురక పెడితే గోడలు ఆగవని నేను. మా బిడ్డ హన్మకొండలో ఉద్యోగం చేస్తుంది. రోజూ ఇద్దరి ఫిర్యాదులు విని విని విసిగిపోయి, మీరిద్దరూ ఒక మాట మీదికి వచ్చాకే నాకు ఫోన్ చేయండని పెట్టేసింది.

ఇది చాలదని ఇంకో బాధ. ఇరవై ఏళ్లు మా పక్క క్వార్టరులో ఉన్న అక్క ఒకామె ఉంది. వాళ్లాయన ముందే రిటైరైతే బస్టాండ్ వెనక సందులో ఇల్లు తీసుకున్నారు. మా బిడ్డ పుట్టినప్పుడు నాకు పథ్యం వండిపెట్టింది ఆమే. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చి చాయ్ తాగి పోతుంది. ప్రపంచంలో ఉన్న విషయాలన్నీ మాట్లాడుతుంది. మేం ఊరు విడిచిపోతున్నామన్న సంగతి మీద మాత్రం పెదవి విప్పదు. "ఉండరాదు చెల్లె" అని ఒక్కసారి, మాటవరసకైనా అనదు. ఇన్నేళ్ల స్నేహం ఇంతేనా అని లోలోపల నాకు చాలా కష్టంగా ఉండేది.

సరే, బండి సంగతి. పెట్టె విప్పిన మర్నాడు నేను కూరగాయలకు పోయి వచ్చేసరికి నా కట్టింగు బల్ల మీద బట్టలన్నీ మంచం మీదికి చేరాయి. బల్ల మీద పట్టాలు పరిచాడు. ఆ బల్ల వెడల్పు మూడడుగులు. వంపు పట్టాలు అన్నీ కలిపితే గుండ్రం మూడడుగులకు కాస్త పైనే వస్తోంది. అటువైపు జరిపితే ఇటువైపు, ఇటువైపు జరిపితే అటువైపు, పట్టా బల్ల దాటి గాలిలోకి వస్తోంది. "జరంత పట్టుకో, నడిపి చూస్త" అని నన్ను పట్టా కింద చేయి పెట్టమన్నాడు. పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఇంజను బుర్రుమంటూ వచ్చి నా వేళ్ల మీదుగా పోయినప్పుడు మాత్రం, అబద్ధమెందుకు, ఒళ్లు జలదరించింది. రెండో చుట్టు కూడా పట్టుకునే ఉన్నాను.

ఆ తర్వాత వడ్రంగి దగ్గర ప్లైవుడ్ షీటు కోయించుకొచ్చాడు. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. ముందు గదిలో రెండు ఇనుప పెట్టెల మీద దాన్ని నిలిపాం. గోడకు ఆనించి పెట్టబోతే నేనే ఒప్పుకోలేదు. బండి అవతలి మూలలో పడిపోతే చేయి అందాలి కదా అన్నాను. చుట్టూ మనిషి తిరిగే సందు వదిలితే సోఫా వరండాలోకి పోయింది. వచ్చినవాళ్లు వరండాలో కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

బల్ల కుదిరిందని నేను అనుకుంటుండగానే ఆయన కర్రముక్కలు ఏరుకొచ్చి ఒక వైపు పట్టాల కింద పేర్చడం మొదలుపెట్టాడు. ముక్క మీద ముక్క పెట్టి పట్టాను ఏటవాలుగా ఎత్తాడు. ఇదేమిటని అడిగితే, బండి కిందినుంచి పైకి రావద్దా అని నన్నే ఎదురడిగాడు. ఆయన లెక్కలో పట్టా అంటే నేల లోపలికి దిగాలి, లేదా బయటికి ఎక్కాలి. సాపుగా పోయే పట్టాను ఆయన ఉద్యోగంలో చూసింది తక్కువ. అందుకని మా ముందు గదిలో బొగ్గుబాయి వాలునే దింపాడు. ఇంజను సగం దాకా ఎక్కింది, చక్రాలు అక్కడే గిర్రున తిరిగాయి, మెల్లగా వెనక్కి జారింది. మళ్లీ నడిపాడు. మళ్లీ జారింది. ఆయన చేయి అలవాటు కొద్దీ గాలిలో ఏదో మీట కోసం వెతకడం చూశాను.

నేను మిషను దగ్గరికి పోయి నల్లదారం కండె తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"తాడు లేనిది నీ బండి ఎక్కది గని, గిది కట్టి గుంజు."

నిజంగానే కట్టాడు. దారంతో ఇంజనును పైదాకా గుంజాడు. గుంజి, తను చేస్తున్న పని తనకే కనబడి పడీపడీ నవ్వాడు. నేను కూడా కూలబడి నవ్వాను. ఆ నవ్వుతో నా ఓవర్‌లాక్ మిషను కోపం సగం పోయింది. కర్రముక్కలు పొయ్యి దగ్గరికి చేరాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం చేయాలో ఫోన్లో వీడియోలు పెట్టుకుని ఇద్దరం చూశాం. అందరూ ఒకటే చెబుతున్నారు. మొదటిసారి ఆశకు పోవద్దు. సాపు బల్ల మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక చుట్టు వేసుకోండి, దాని పక్కన బండి నిలవడానికి ఒక్క పక్కపట్టా పెట్టుకోండి, అది బాగా నడిచాక మిగతావి చూద్దురు గాని అని. అన్నిటికన్నా ముందు కాగితం మీద గీసుకోండని కూడా చెప్పారు. ఆ మాట వినగానే నేను ఆయన్ని పక్కకు జరగమన్నాను. కొలత గీయకుండా బట్ట మీద కత్తెర పెడితే మా బాపు అన్నం పెట్టేవాడు కాదు. గీయడం నా పని.

ఖాకీ కాగితాలు గుండుసూదులతో అతికి బల్లంత చేశాను. ఆరడుగులు, నాలుగడుగులు, ఉన్నది ఉన్నట్టుగా. చిన్నగా గీసి పెద్దగా ఊహించుకోవడం నాకు చేతకాదు, జాకెట్టయినా పట్టాలయినా అసలు కొలతలోనే గీయాలి. పెట్టెలోని వంపు పట్టాల కొలతకు దారం చివర సుద్దముక్క కట్టి గుండ్రం తిప్పాను. నిటారు పట్టా నుంచి వంపులోకి దిగే చోట జాకెట్టుకు చంక గీసినంత ఒద్దికగా గీశాను. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ, ఇంత బాగా వచ్చని ముందే చెబితే పెట్టె ముందే తెప్పించేవాణ్ని కదా అన్నాడు. పొగిడాడో దెప్పాడో తేల్చుకోలేక ఊరుకున్నాను.

తప్పు చేసింది ఇక్కడే. జాకెట్టు వెనక భాగం ఎప్పుడూ బట్టను మడతపెట్టే కత్తిరిస్తాం. సగం గీస్తే చాలు, విప్పితే రెండు వైపులా ఒక్కతీరుగా ఉంటుంది. ఆ అలవాటుతో కాగితాన్ని నడిమికి మడిచి సగమే గీశాను. ఆ సగంలో ఒక స్టేషను, స్టేషను దగ్గర ఒక పక్కపట్టా. అచ్చు రెండో వైపుకు దింపి కాగితం విప్పితే చూడముచ్చటగా ఉంది. ఈ చివర జనగామ, ఆ చివర మానుకోట. ఇద్దరికీ చెరో స్టేషను, చెరో పక్కపట్టా. నీకొకటి నాకొకటి. పంచాయితీ ఇంత తేలిగ్గా తెగుతుందని తెలియక ఇన్నాళ్లు గొంతులు చించుకున్నామే అనిపించింది. ఆయన వెంటనే పాత పెండ్లి పత్రికల అట్ట కత్తిరించి, పసుపు రంగు వేసి, నల్ల అక్షరాలతో రెండు స్టేషన్ల బోర్డులు రాసేశాడు.

గీతల మీద పట్టాలు పేర్చుకుంటూ పోయాక గుట్టు బయటపడింది. పట్టా రెండుగా చీలే ముక్కను పాయింటు అంటారు. పక్కపట్టాలోకి బండి మళ్లేది దాని మీదుగానే. పెట్టెలో ఉన్నది ఒక్కటే పాయింటు. నేను మడతపెట్టి గీసిన బొమ్మకు రెండు కావాలి. పైగా రెండోది ఎదురు చేతిది కావాలి, కుడి చెయ్యి గుడ్డను ఎడమ చేతికి కుట్టలేనట్టు. హైదరాబాదులో ఆ సామాను అమ్మే షాపుకు ఫోన్ చేస్తే, విడి పాయింట్లు ఇప్పుడు లేవు, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నాడు.

ఇక చూసుకోండి. ఒక్క పాయింటు, రెండు ఊళ్లు. చుట్టు మీద బండి ఎక్కడైనా ఒక నిమిషం ఆగుతుంది, దానికేం, జనగామలోనూ ఆగుతుంది, మానుకోటలోనూ ఆగుతుంది. పక్కపట్టా ఎక్కడుంటే అక్కడే బండి నిలవ ఉంటుంది. ఆ ఊరి బండి అవుతుంది. పెట్టె తన డబ్బుతో వచ్చింది కాబట్టి పాయింటు మానుకోటదేనని ఆయన. గీసింది నేను కాబట్టి జనగామదని నేను. మాట్లాడుతున్నది బండి గురించి కాదని ఇద్దరికీ తెలుసు. ఆయన పొద్దున డ్యూటీకి పోయే ముందు పాయింటును మానుకోట దగ్గర పెట్టి పోయేవాడు. వచ్చేసరికి అది జనగామలో ఉండేది. నేను కూరలో ఉప్పు తక్కువ వేస్తే ఆయన చాయ్ అక్కర్లేదనేవాడు. నాలుగు రోజులకు విసుగెత్తి ఆయన పాయింటు తీసి కిటికీలో పెట్టాడు. ఆ చోట మామూలు పట్టా వేసి చుట్టు కలిపేశాడు.

ఆదివారం అక్క వచ్చింది. ఆమెకు చూపించాలని ఆయనకు మహా సరదా. కాగితం తీసేసిన బల్ల మీద పట్టాలు తళతళలాడుతున్నాయి, రెండు కొసలా రెండు పసుపు బోర్డులు. మీట తిప్పాడు. బండి జనగామ దాటింది, మానుకోట దాటింది, మళ్లీ జనగామ. అక్క చాయ్ గ్లాసు పట్టుకుని బండితో పాటు తల తిప్పుతూ చాలాసేపు చూసింది. ముచ్చటగా ఉందన్నది. తర్వాత మామూలుగా అడిగింది.

"గుండ్రంగ తిరుగుడు మంచిగనే ఉన్నది తమ్మీ. పొద్దుగూకినంక బండి ఏడ పండుకోవాలె?"

"మానుకోట" అని ఆయన, "జనగామ" అని నేను, ఒకేసారి అన్నాం. అక్క ఇద్దరి మొహాలూ చూసింది. ఇంకేమైనా అంటుందని నేను ఎదురుచూశాను. ఈసారన్నా ఆ ఒక్క మాట వస్తుందేమోనని. ఆమె గ్లాసు కడిగి బోర్లించి, తను కుట్టమన్న జాకెట్టు ఎప్పుడవుతుందని అడిగి పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ జాకెట్టు ఇంకో వారం కుట్టకూడదనుకున్నాను.

ఇట్లా లాభం లేదని ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. రెండు ఊళ్లకూ పోదాం, గదులు కొలుద్దాం, బల్ల ఎక్కడ కుదురుతుందో అక్కడే ఉందాం అన్నాడు. టేపుతో తేలేదైతే నాకు భయమేముంది, ఒప్పుకున్నాను. టేపు మెడలో వేసుకునే బస్సెక్కాను. కాజీపేటలో రైలెక్కి జనగామలో దిగాం. మా చెల్లె మీది గదులు కడిగించి, ముగ్గు కూడా వేసి పెట్టింది. ముందు గది కొలిచాను. బల్ల పెట్టి చుట్టూ మనిషి తిరగొచ్చు. మెట్ల దగ్గర కూడా కొలిచాను, అడ్డంగా తిప్పితే బల్ల పైకెక్కుతుంది. కిటికీ తెరిస్తే బండి కూత కూడా వినబడింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మానుకోట బండికి స్టేషనుకు వచ్చాం. చెల్లె కూడా ప్లాట్‌ఫాం దాకా వచ్చింది. సామాను ఎప్పుడు తెస్తారు, పాలవాడికి ఎప్పటి నుంచి చెప్పాలి అని ఒకటే అడుగుతోంది. బండి వచ్చేసింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి చెప్పాను.

"ఇంటికి పోయినంక ఫోన్ చేస్త."

చెల్లె చేయి ఊపుతోంది. నాకు మాత్రం నా మాట నాకే వినబడింది. పుట్టిన ఊరి ప్లాట్‌ఫాం మీద నిలబడి, బాపు కట్టిన ఇంటి నుంచి బయలుదేరి, ఇంటికి పోయినంక అన్నాను. ఆయన విన్నాడు. విని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు దెప్పినా బాగుండేది. ఏమీ అనకపోవడంతో వరంగల్ దాకా నేనే నాలో నేను వాదించుకున్నాను.

మానుకోటలో కూడా బల్ల కుదిరింది. అది కూడా చెప్పాలి. గది వెడల్పుగా ఉంది, బండి పోతే కిటికీ ఊచలు సన్నగా మోగుతున్నాయి, మరిది భార్య చేసిన కోడికూర బ్రహ్మాండంగా ఉంది. మరిది ఆ రోజుకు ఉండమని బలవంతపెట్టాడు. గురక మాట నేను ఎత్తలేదు. ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"లేదురా, చీకటి పడకముందు ఇంట్ల పడాలె."

"మరి గిదేంది అన్నా? ఇల్లు గాదా?" అని మరిది నవ్వాడు. ఆయన నవ్వలేదు. చెప్పు వారు సరిచేసుకుంటూ వంగినవాడు చాలాసేపటికి గాని లేవలేదు. నేను కూడా దెప్పలేదు. జనగామ బాకీ అట్లా తీరింది.

వరంగల్‌లో దిగి హన్మకొండ బస్టాండ్‌కు పోయి భూపాలపల్లి బస్సెక్కేసరికి ఇద్దరం అలసిపోయాం. సీటు దొరకగానే ఆయనకు కునుకు పట్టింది. కండక్టరు వచ్చి నా ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు కొట్టిచ్చాడు. తర్వాత ఆయన భుజం తట్టి, ఏడికి బాపు అని అడిగాడు. ఆయన కళ్లు కూడా పూర్తిగా తెరవలేదు.

"ఇంటికి."

"ఇంటికంటే ఏ ఊరు బాపు? మా బస్సు ఊర్లకే పోతది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన ఉలిక్కిపడి లేచి, కండక్టరును చూసి, నన్ను చూశాడు. నేను నవ్వడానికి నోరు తెరిచాను గాని నవ్వు రాలేదు. "భూపాలపల్లి" అన్నాడు ఆయన, ఆ పేరు మొదటిసారి పలుకుతున్నట్టు మెల్లగా. టికెట్టు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇన్నేళ్లూ సెలవులొస్తే ఊరికి పోతున్నామనేవాళ్లం. తిరిగొచ్చి తాళం తీసి, ఇంటికొచ్చినం అనేవాళ్లం. ఊరు అంటే జనగామ, మానుకోట. ఇల్లు అంటే ఎప్పుడూ ఇదే. రోజూ వాడే రెండు మాటలు, వాటి తేడా మాకిద్దరికీ ఆ బస్సులో తెలిసింది. ఇల్లు ఇక్కడ పెట్టుకుని, ఎక్కడికి పోవాలా అని అన్ని నెలలు తన్నుకున్నాం. పరకాల దాటాక నేనే అన్నాను, క్వార్టరు పోతే పోనీ, ఊళ్లో కిరాయి ఇల్లు దొరకదా అని. ఆయన వెంటనే, దొరుకుతది అన్నాడు. అంత తొందరగా ఆయన నా మాట ఒప్పుకోవడం నాకు గుర్తులేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున లేచేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి పాయింటు తీసి, నడిమిన, నా కాగితంలో మడత పడ్డ చోట పెట్టాడు. అక్కడి నుంచి పక్కపట్టా చుట్టు లోపలికి పోయింది, అటు జనగామకూ ఇటు మానుకోటకూ మధ్యన. పక్కన మూడో బోర్డు. పసుపు మీద నల్లగా, భూపాలపల్లి. లోకంలో ఎక్కడా లేని స్టేషను బోర్డు అది. అసలు బోర్డుల మీద సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తో రాస్తారు కదా, ఆ అంకె ఆయనకు తెలియదు. బాయి లోతైతే రాయగలను గాని ఎత్తు నాకేం తెలుసు అన్నాడు. ఖాళీగా వదిలేశాడు.

అక్క చర్చి నుంచి వచ్చింది. నేను జాకెట్టు పూర్తి చేసే ఉంచాను, వారం ఆపాలన్న పంతం ఏమైందో మరి. ఆయన ఆమెను బల్ల దగ్గర నిలబెట్టి మీట తిప్పాడు. బండి జనగామ దాటింది, మానుకోట దాటింది. మూడు చుట్లయ్యాక నెమ్మది చేసి, పాయింటు మార్చి, పక్కపట్టాలోకి మళ్లించి ఆపాడు. ఇంజను ముందు లైటు ఆరిపోయింది.

"గీడ పండుకున్నదక్కా" అన్నాడు.

అక్క వంగి ఆ మూడో బోర్డు చదివింది. చదవడానికి అంతసేపు పట్టే పేరు కాదు అది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మా సందుల మూలమీది ఇల్లు ఖాళీగున్నది. ఎవలకియ్యకని ఇంటామెకు ఎండకాలమే చెప్పి పెట్టిన."

నేను ఆమె భుజం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. కోపమో ఏడుపో నాకే తెలియని గొంతుతో, మరి ఇన్ని నెలలు ఒక్క మాట చెప్పకపోతివేందక్కా అని అడిగాను.

"మీ ఊళ్లకు మీరు పోతాంటే నేనెట్ల అడ్డమొస్త చెల్లె? రోజు ప్రార్థనల మాత్రం అడిగిన."

నేను ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. ఆమె వీపు నిమిరి, జాకెట్టు మీద కన్నీళ్లు పెట్టకు, కొత్తది అన్నది. ఆయన బండి పెట్టెలు తుడుస్తున్నట్టు నటించాడు. కాసేపటికి, ఆ మూలమీది ఇంట్లో ముందు గది ఎంతుంటుందని అడిగాడు. కొలవలేదన్నది అక్క. టేపు నా మెడలోనే ఉంది. పొయ్యి మీద చాయ్ దించి, తలుపు దగ్గరికి వేసి, ముగ్గురం కొలవడానికి బయలుదేరాం.